కడుపులో పెద్ద రక్తనాళం ఉబ్బిందని రిపోర్ట్ వస్తే: స్కాన్ నుంచి స్టెంట్ దాకా, ఆ తర్వాత

నల్గొండలోనో మహబూబ్‌నగర్‌లోనో కిడ్నీలో రాయి ఉందేమోనని కడుపు స్కాన్ తీయించుకుంటారు. రాయి ఉండదు గానీ రిపోర్ట్ చివర్లో ‘అబ్డామినల్ అయోర్టిక్ అన్యూరిజం’ అని ఒక లైను ఉంటుంది. ఈ జబ్బు ఎక్కువమందికి ఇలాగే, వేరే దేనికోసమో వెళ్తే బయటపడుతుంది. ఆ లైనుతో ఇంట్లో టెన్షన్ మొదలవుతుంది. హైదరాబాద్‌లో ఉండే కొడుకు రేపే ఆపరేషన్ చేయిద్దామంటాడు. పెద్దాయనేమో ‘నాకేమైందిరా, మంచిగనే ఉన్న గదా’ అని తువ్వాల భుజాన వేసుకుని పొలం దిక్కు పోతాడు. ఉబ్బు ఎంతుందో తెలిసేదాకా ఇద్దరిలో ఎవరి మాటా పట్టుకోలేం.

గుండె నుంచి కిందికి దిగే పెద్ద రక్తనాళం అయోర్టా. పుస్తకాల్లో బృహద్ధమని అంటారు. వెన్నెముకకు ముందువైపు నుంచి దిగి, దాదాపు బొడ్డు దగ్గర రెండుగా చీలి రెండు కాళ్లకు పోతుంది. కడుపులో దాని వెడల్పు మామూలుగా 2 సెంటీమీటర్ల దగ్గర ఉంటుంది. గోడ బలం తగ్గిన చోట రక్తం ఒత్తిడికి అది మెల్లగా ఉబ్బుతుంది. 3 సెంటీమీటర్లకు చేరితే అన్యూరిజం అంటారు. చాలామందికి పగిలేదాకా ఏ బాధా తెలియదు. పగిలితే మాత్రం ఆసుపత్రి చేరేలోపే ప్రాణం పోయేవాళ్లు ఎక్కువ.

కడుపు కోయకుండా, గజ్జల దగ్గర చిన్న రంధ్రం నుంచి లోపలికి స్టెంట్, అంటే గుడ్డ తొడిగిన లోహపు గొట్టం, పంపి బాగుచేసే పద్ధతిని ఈవార్ అంటారు. ఈ వ్యాసం దాని గురించే. స్టెంట్ వేయడం డాక్టర్ల పని, రెండు మూడు గంటల్లో అయిపోతుంది. ముందు కొలతలు తెలుసుకోవడం, తర్వాత ఏళ్ల తరబడి స్కాన్లు తప్పకుండా చూసుకోవడం ఇంటివాళ్ల పని. నేను చూసినంతలో తేడా కొట్టేది ఎక్కువగా ఇంటివాళ్ల వంతులోనే.

ముందు రిపోర్ట్‌లో అంకె వెతకండి

రిపోర్ట్‌లో ‘4.6 x 4.4 సెం.మీ.’ లాంటి అంకెలుంటాయి. వాటిలో అడ్డంగా కొలిచిన పెద్ద అంకెను గుర్తుపెట్టుకోండి. పొడవు ఎంత అన్నది అంత ముఖ్యం కాదు, వెడల్పు ముఖ్యం. ‘ఇన్‌ఫ్రారీనల్’ అన్న మాట ఉందో లేదో కూడా చూడండి. కిడ్నీలకు పోయే రక్తనాళాలు విడిపోయిన చోటుకు కింద ఉబ్బిందని దానర్థం. ఎక్కువ కేసులు ఇలాంటివే, స్టెంట్‌కు అనువుగా ఉండేవీ ఇవే.

ఆపరేషన్ గురించి గట్టిగా ఆలోచించేది మగవాళ్లలో 5.5 సెంటీమీటర్లకు, ఆడవాళ్లలో 5 సెంటీమీటర్లకు చేరినప్పుడు. సైజు అంత లేకపోయినా ఒక్క ఏడాదిలో 1 సెంటీమీటర్ పెరిగినా, ఉబ్బు వల్ల నొప్పి మొదలైనా ఆగరు. అంతకంటే చిన్నవాటికి తొందరపడి ఆపరేషన్ చేస్తే మనిషి ఎక్కువ కాలం బతుకుతాడా అని బ్రిటన్‌లోనూ అమెరికాలోనూ పెద్ద పరిశోధనలు చేశారు. 4 నుంచి 5.5 సెంటీమీటర్ల మధ్య ఉన్నవాళ్లలో ముందే ఆపరేషన్ చేసినందువల్ల ఆయుష్షు పెరగలేదని తేలింది. కాబట్టి 4.2 ఉన్న మనిషికి ‘స్కాన్‌లు తీయిస్తూ చూద్దాం’ అని డాక్టర్ అంటే ఆయన పట్టించుకోలేదని కాదు. అదే సరైన వైద్యం.

ఒకవేళ రిపోర్ట్‌లో అయోర్టా కాకుండా స్ప్లీనిక్ ఆర్టరీ (ప్లీహానికి పోయే రక్తనాళం) అనో రీనల్ ఆర్టరీ (కిడ్నీకి పోయేది) అనో ఉంటే పైన చెప్పిన సైజు లెక్కలు వాటికి వర్తించవు. వాటిని చాలాసార్లు సన్నటి లోహపు తీగ చుట్టలతో నింపి మూసేస్తారు. ముఖ్యంగా పిల్లలు పుట్టే వయసున్న ఆడవాళ్లలో స్ప్లీనిక్ ఆర్టరీ ఉబ్బితే సైజు చిన్నదే కదా అని వదలరు, గర్భంతో ఉన్నప్పుడు పగిలే ప్రమాదం ఎక్కువ కాబట్టి. వెంటనే వాస్క్యులర్ సర్జన్‌కు, అంటే రక్తనాళాల డాక్టర్‌కు చూపించండి.

యాభై లోపు మనిషికి, అందులోనూ జ్వరం వస్తూ పోతూ ఉన్న మనిషికి అన్యూరిజం కనిపిస్తే ఇన్‌ఫెక్షన్ వల్లో, రక్తనాళం గోడ వాపు జబ్బు వల్లో కావచ్చు. అక్కడ నేరుగా స్టెంట్ దగ్గరికి పోకూడదు. ముందు ఆ కారణం తేలాలి.

నొప్పి ఉంటే లెక్క వేరు

ఉబ్బు ఉందని తెలిసిన మనిషికి ఉన్నట్టుండి కడుపులోనో, నడుములోనో, పక్కటెముకల కిందనో తట్టుకోలేని నొప్పి వచ్చి, చెమటలు పట్టి, కళ్లు తిరిగితే అది పగిలిందనే అనుకుని కదలాలి. మన దగ్గర ఇక్కడే పొరపాటు జరుగుతుంది. మర్రిగూడ, చండూరు, మునుగోడు వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగిన తరానికి నడుం నొప్పి కొత్త కాదు. ఎండాకాలంలో రాళ్ల నొప్పీ అంతే. దాంతో ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర నొప్పి సూది వేయించుకుని పడుకుంటారు. కొన్ని ఇళ్లలో నాభి జారిందని కడుపు రుద్దిస్తారు. అన్యూరిజం ఉన్న కడుపును రుద్దనివ్వకండి, నొక్కనివ్వకండి.

108కు ఫోన్ చేసి, ‘కడుపు నొప్పి’ అని ఊరుకోకుండా ‘అయోర్టిక్ అన్యూరిజం ఉన్న పేషెంట్, పగిలిందని అనుమానం’ అని చెప్పండి. దగ్గర్లోని పెద్దాసుపత్రిలో చూపించినా, సీటీ స్కాన్, వాస్క్యులర్ సర్జన్ ఉన్న చోటికి చేర్చడమే అసలు లక్ష్యం. మన జిల్లాల నుంచి అంటే ఎక్కువగా హైదరాబాదే. నల్గొండ నుంచి నార్కట్‌పల్లి మీదుగా, మహబూబ్‌నగర్ నుంచి జడ్చర్ల, షాద్‌నగర్ మీదుగా వంద కిలోమీటర్ల దారి. బయల్దేరే ముందే అక్కడి ఎమర్జెన్సీకి ఫోన్ చేసి ‘స్టెంట్ వేసే టీమ్ ఇప్పుడు ఉందా’ అని అడగండి. ఎల్‌బీనగర్ ట్రాఫిక్ దాటి వెళ్లాక ‘ఇక్కడ చేయరు, ఇంకో చోటికి తీసుకుపోండి’ అనిపించుకుంటే పోయిన గంట తిరిగి రాదు. దారిలో ఏమీ తినిపించకండి, తాగించకండి. పగిలిన వాళ్లకు కూడా రక్తనాళం ఆకారం అనుకూలిస్తే స్టెంట్‌తో ప్రాణం నిలబెట్టవచ్చు. పాత సీటీ సీడీ చేతిలో ఉంటే డాక్టర్లకు కొలతల పని సగం తగ్గుతుంది. అందుకే ఆ సీడీని బీరువా లోపల కాకుండా ఇంట్లో అందరికీ తెలిసిన చోట పెట్టండి, రిపోర్ట్ ఫొటోలు ఇద్దరు ముగ్గురి ఫోన్లలో ఉంచండి.

ఆగి చూద్దామన్న కాలంలో

3 నుంచి 3.9 సెంటీమీటర్ల వరకు ఉంటే రెండు మూడేళ్లకోసారి, 4 నుంచి 4.9 వరకు ఏడాదికోసారి, 5 దాటితే ఆరు నెలలకో అంతకంటే ముందో స్కాన్ చేయించడం వాడుక. మీ డాక్టర్ ఇంకా దగ్గర దగ్గరగా రమ్మంటే ఆయన మాటే వినండి. దీనికి మామూలు అల్ట్రాసౌండ్ చాలు, సీటీ అక్కర్లేదు. పరగడుపున వెళ్లాలి. గ్యాస్ ఉంటే అయోర్టా సరిగ్గా కనబడదు. కుదిరితే ప్రతిసారీ ఒకే సెంటర్‌కు పోండి. కొలిచే చేయి మారితే మూడు నాలుగు మిల్లీమీటర్లు అటూ ఇటూ అవుతాయి. పెరగకుండానే పెరిగిందని కంగారుపడటమో, పెరిగింది కనబడకుండా పోవడమో జరుగుతుంది. పాత రిపోర్ట్ తీసుకెళ్లి స్కాన్ చేసే డాక్టర్ ముందు పెట్టండి.

ఇక బీడీ, చుట్ట, సిగరెట్. ఈ జబ్బు రావడానికీ, వచ్చింది పెరగడానికీ పొగను మించిన కారణం లేదు. ఉబ్బును కరిగించే మందు ఇప్పటిదాకా ఏదీ లేదు గానీ, పొగ మానితే పెరిగే వేగం తగ్గుతుంది. పెద్దవాళ్లు దీనికి చెప్పే సాకు మీరూ వినే ఉంటారు.

‘పొద్దుగాల బీడీ పడకపోతే నాకు కడుపు కాదురా.’

‘అయితే డాక్టర్‌ను అడిగి విరేచనాల మందు తెస్త నాయినా. బీడీకట్ట మాత్రం ఇటియ్యి.’

నవ్వొచ్చే మాటే గానీ ఆ మందు నిజంగానే అడగాలి. మలబద్ధకంతో రోజూ ముక్కడం ఈ మనిషికి మంచిది కాదు. విడవకుండా వచ్చే దగ్గుకు కూడా వైద్యం చేయించండి. బీపీ గోలీ ఒక్కరోజు కూడా తప్పకూడదు. కొలెస్ట్రాల్ మందు, రక్తం పలచబరిచే మందు అవసరమా అన్నది డాక్టర్ చెబుతారు.

ఆర్‌ఎంపీ దగ్గరికి వెళ్లినప్పుడు రెండు విషయాలు చెప్పడం మర్చిపోవద్దు. ఒకటి, నొప్పి గోలీలు, సూదులు. డైక్లోఫెనాక్ లాంటివి వాడీవాడీ కిడ్నీ దెబ్బతింటే రేపు సీటీకి, స్టెంట్‌కు వాడే కాంట్రాస్ట్ మందే (రక్తనాళాలు బొమ్మలో కనబడేందుకు ఎక్కించేది) సమస్య అవుతుంది. రెండోది, జ్వరానికో విరేచనాలకో అలవాటుగా రాసే సిప్రోఫ్లాక్ససిన్, లీవోఫ్లాక్ససిన్ రకం యాంటీబయాటిక్స్. అన్యూరిజం ఉన్నవాళ్లకు వేరే మందు దొరికితే వీటిని వాడొద్దని అమెరికా మందుల నియంత్రణ సంస్థ 2018లో హెచ్చరించింది. ‘నాకు కడుపులో అన్యూరిజం ఉంది’ అని ఒక చీటీ మీద రాసి పెద్దాయన జేబులో పెడితే ఈ గొడవంతా ఉండదు.

సీటీ యాంజియో: స్టెంట్ పడుతుందో లేదో తేలేది ఇక్కడే

సైజు 5.5కు దగ్గరపడ్డాక సర్జన్ సీటీ యాంజియోగ్రామ్ రాస్తారు. చేతి నరానికి కాంట్రాస్ట్ మందు ఎక్కించి తీసే స్కాన్ ఇది. ముందు రోజు కిడ్నీ పనితీరు చూసే క్రియాటినిన్ పరీక్ష చేయించి ఆ కాగితం పట్టుకెళ్లండి. షుగర్‌కు మెట్‌ఫార్మిన్ వాడుతుంటే, గతంలో ఇలాంటి ఇంజెక్షన్‌కు దద్దుర్లు, ఆయాసం వచ్చి ఉంటే ముందే చెప్పండి. కిడ్నీ బలహీనంగా ఉంటే సెలైన్ ఎక్కించి జాగ్రత్తగా తీస్తారు.

స్కాన్ సెంటర్లో ఫిల్ములు ఇచ్చి పంపేస్తారు. వాటితో పని జరగదు. సీడీ అడిగి తీసుకోండి. సన్నటి ముక్కలుగా, అంటే ఒక మిల్లీమీటర్ దగ్గరగా తీసిన బొమ్మలన్నీ అందులో ఉండాలి. సర్జన్ కంప్యూటర్‌లో ఆ బొమ్మలు తిప్పి తిప్పి చూసి, స్టెంట్ ఏ సైజుది కావాలో కొలిచేది దాంతోనే. బొంబాయికో పుణెకో వలసపోయి వచ్చిన పాలమూరు కుటుంబాలకు ఇది మరీ ముఖ్యం. అక్కడ తీసిన స్కాన్లు అక్కడే వదిలేసి వస్తారు, ఇక్కడ మళ్లీ డబ్బూ, మళ్లీ కాంట్రాస్టూ.

సర్జన్ ఆ సీడీలో ముఖ్యంగా చూసేది మెడ. కిడ్నీ రక్తనాళాలకు, ఉబ్బు మొదలయ్యే చోటుకు మధ్య ఉన్న ఆరోగ్యమైన గోడను మెడ అంటారు. స్టెంట్ పైఅంచు గట్టిగా పట్టుకోవాల్సింది దాన్నే. అది ఒకటి, ఒకటిన్నర సెంటీమీటర్ల పొడవైనా ఉండాలి, మరీ వెడల్పుగా, మరీ వంకరగా ఉండకూడదు. లోపల సున్నం పేరుకుని ఉన్నా పట్టు సరిగ్గా కుదరదు. తర్వాత కాళ్లకు పోయే రక్తనాళాలు చూస్తారు. మడిచి చుట్టిన స్టెంట్ గొట్టం వాటిలోంచే పైకి పోవాలి. పొగతాగేవాళ్లలో అవి సన్నబడి, గట్టిపడి ఉంటాయి. అందుకే మీరు అడగాల్సిన మొదటి ప్రశ్న ‘స్టెంట్ వేస్తారా సార్’ కాదు. ‘మెడ ఎంత పొడవుంది, మామూలు స్టెంట్‌కు సరిపోతుందా’ అని అడగండి. మెడ చాలకపోతే కిడ్నీ రక్తనాళాల కోసం రంధ్రాలు పెట్టి ప్రత్యేకంగా తయారుచేసే స్టెంట్లు ఉన్నాయి గానీ అవి ఖరీదు, తెప్పించడానికి సమయం పడుతుంది, అందరు డాక్టర్లూ వేయరు. కుదరని మెడలో మామూలు స్టెంటే ఎలాగోలా సర్దేద్దామంటే నేనైతే ఇంకో సర్జన్‌ను అడుగుతాను.

స్టెంటా, కోతా?

కోత లేదనగానే అందరూ స్టెంట్ వైపే మొగ్గుతారు. నేనూ చాలామందికి అదే మంచిదంటాను, ముఖ్యంగా వయసు మీదపడి, గుండె, ఊపిరితిత్తులు బలహీనంగా ఉన్నవాళ్లకు. కానీ రెండు వైపులా చూడాలి.

కడుపు కోసి, ఉబ్బిన చోట వేరే గొట్టం కుట్టే ఆపరేషన్ 1951లో ప్యారిస్‌లో మొదలైంది. అంతకుముందు సరైన దారి లేదు. ఐన్‌స్టీన్‌కు ఇదే జబ్బు ఉండేది. 1948లో సర్జన్ ఆయన అయోర్టా చుట్టూ సెల్లోఫేన్ చుట్టి వదిలారు. ఆరేళ్లు దాటాక 1955లో అది పగిలింది. ఆపరేషన్ వద్దని ఆయనే అన్నారు. తొడలోంచి స్టెంట్ పంపి కడుపులోని అయోర్టాను బాగుచేసే పద్ధతిని 1990లో అర్జెంటీనాలో హువాన్ పరోడి అనే సర్జన్ మొదట చేశారు.

బ్రిటన్‌లో ఈ రెండు పద్ధతులనూ పోల్చి చూసిన పెద్ద పరిశోధన ఫలితాలు 2004లో వచ్చాయి. మొదటి 30 రోజుల్లో చనిపోయినవాళ్లు కోత ఆపరేషన్‌లో నూటికి 4.7, స్టెంట్‌లో 1.7. స్టెంట్‌కు ఆసుపత్రిలో ఉండేది కూడా తక్కువ రోజులే. కానీ అదే పరిశోధనలో ఉన్నవాళ్లను పదిహేనేళ్లు వెంబడిస్తే, మొదట్లో కనిపించిన లాభం కొన్నేళ్లలో కరిగిపోయింది. స్టెంట్ వేయించుకున్నవాళ్లకే మళ్లీ మళ్లీ చికిత్సలు ఎక్కువ అవసరమయ్యాయి, చాలా ఏళ్లు గడిచాక వాళ్లలోనే మరణాలు కాస్త ఎక్కువ కనబడ్డాయి. అందుకే అరవై ఏళ్ల, గుండె గట్టిగా ఉన్న మనిషికి సర్జన్ కోత ఆపరేషన్ మంచిదంటే పాతకాలం డాక్టర్ అనుకోవద్దు. ఏటా హైదరాబాద్ వచ్చి స్కాన్ చేయించుకోవడం ఆ ఇంటికి కుదురుతుందా అన్నది కూడా ఈ నిర్ణయంలో భాగమే. అచ్చంపేట అవతల తండాలో ఒంటరిగా ఉండే మనిషికి, బంజారాహిల్స్‌లో కూతురింట్లో ఉండే మనిషికి ఒకే జవాబు ఉండాలని లేదు.

మరీ పెద్ద వయసు, మంచం మీద ఉన్న మనిషి, వేరే పెద్ద జబ్బు ఉన్న మనిషి విషయంలో ఏమీ చేయకపోవడం కూడా ఒక దారి. సర్జన్‌ను అడగడానికి మొహమాటపడకండి.

డబ్బు, కాగితాలు

స్టెంట్ ఒక్క ముక్క కాదు. పై భాగం, ఒక కాలికో ముక్క, అవసరమైతే అదనపు ముక్కలు, గజ్జల దగ్గర రంధ్రం మూసే పరికరాలు, అన్నిటికీ విడివిడిగా బిల్లు పడుతుంది. ఖర్చు లక్షల్లోనే ఉంటుంది. ‘మొత్తం ప్యాకేజీయా, ముక్క అదనంగా పడితే ఎంత’ అని రాతపూర్వకంగా ఎస్టిమేట్ తీసుకోండి.

రాజీవ్ ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబర్‌లో 5 లక్షల నుంచి 10 లక్షలకు పెంచారు. కార్డు ఉంటే ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్ర దగ్గర కూర్చుని, డాక్టర్ రాసిన చికిత్స పేరు చూపించి, ఈ ఆసుపత్రిలో ఈ చికిత్స, ఈ స్టెంట్ ఖర్చుతో సహా వస్తుందా అని ముందే కనుక్కోండి. ‘ఆరోగ్యశ్రీ ఉంది’ అన్న ఒక్క మాటతో అడ్మిట్ కావద్దు. నిమ్స్‌లాంటి ప్రభుత్వ సంస్థలో అయితే ఎస్టిమేట్ తీసుకుని ఎమ్మెల్యే ఆఫీసు ద్వారా ముఖ్యమంత్రి సహాయ నిధి నుంచి ఎల్‌ఓసీకి, అంటే ఆసుపత్రికి ఇచ్చే హామీ పత్రానికి ప్రయత్నించవచ్చు. అది ఆపరేషన్‌కు ముందు చేసుకోవాల్సిన పని. స్టెంట్ కొలతల ప్రకారం తెప్పించేలోపు దొరికే రోజులను ఈ కాగితాలకు వాడుకోండి.

ఆపరేషన్ రోజు లోపల ఏం జరుగుతుంది

రక్తం పలచబరిచే మందులు ఏవి ఆపాలో, ఏవి ఆపకూడదో ముందే అడిగి రాసుకోండి. సొంతంగా ఆపొద్దు. ముందు రాత్రి నుంచి పరగడుపు. మత్తు నడుముకు ఇస్తారా, పూర్తిగా ఇస్తారా అన్నది మత్తు డాక్టర్ నిర్ణయం. కొన్నిచోట్ల గజ్జల వరకే తిమ్మిరి సూది వేసి కూడా చేస్తారు.

రెండు గజ్జల్లోనూ రక్తనాళంలోకి సూది గుచ్చి సన్నటి తీగలు పైకి పంపుతారు. ఎక్స్‌రే తెర మీద చూస్తూ, మడిచిన స్టెంట్‌ను ఒక కాలి నుంచి పైకి తీసుకుపోయి, కిడ్నీ రక్తనాళాలకు సరిగ్గా కింద విప్పుతారు. మిల్లీమీటర్లలో పని. పైకి పోతే కిడ్నీకి రక్తం ఆగుతుంది, కిందికి జారితే పట్టు దొరకదు. అది ప్యాంటు ఆకారంలో ఉంటుంది, కానీ ఒక కాలు పొట్టిగా. రెండో కాలి వైపు నుంచి తీగను ఆ పొట్టి కాలి రంధ్రంలోకి దూర్చి మిగతా ముక్క తగిలిస్తారు. ఒక్కోసారి ఎక్కువ సేపు పట్టేది ఈ దూర్చడమే. తర్వాత లోపల బెలూన్ ఊదించి అంచులు గోడకు అదుముతారు. మళ్లీ కాంట్రాస్ట్ మందు వదిలి ఎక్కడైనా లీకు ఉందేమో చూస్తారు.

ఊళ్లో పెద్దవాళ్లకు అర్థమయ్యేలా చెప్పాలంటే బోరులో కేసింగ్ పైపు దించినట్టు. చుట్టూ గోడ బలహీనంగానే ఉంటుంది, కానీ ఇక రక్తం పైపులోంచే పోతుంది కాబట్టి ఆ గోడ మీద ఒత్తిడి పడదు. పైపుకు బయట మిగిలిన ఉబ్బు సంచిలో రక్తం గడ్డకట్టి, కొన్ని నెలల్లో ఏళ్లలో అది చిన్నబడాలి.

బయటికి తెచ్చాక నర్సు రెండు పాదాల మీదా వేలు పెట్టి నాడి వెతుకుతుంది. దొరికిన చోట పెన్నుతో గుర్తు పెడుతుంది. రాత్రంతా గంట గంటకూ ఆ గుర్తు మీదే వేలు పెట్టి చూస్తుంది. ఆ గుర్తును తడిగుడ్డతో తుడిచేయకండి. కాలు చల్లబడినా, తిమ్మిరెక్కినా, రంగు మారినా పొద్దున రౌండ్స్ దాకా ఆగకుండా అప్పుడే పిలవండి. మూత్రం ఎంత వస్తోందో కూడా చూస్తుంటారు, కిడ్నీ సంగతి దాంతోనే తెలుస్తుంది. కొన్ని గంటలు కాళ్లు కదపకుండా పడుకోవాలి. పెద్దాయన ‘బాత్‌రూమ్‌కు నేనే పోతా’ అని లేవబోతే ఆపాల్సింది మీరే.

ఇంటికొచ్చాక

మొదటి కొన్ని రోజులు కొద్దిగా జ్వరం, నీరసం, ఆకలి లేకపోవడం ఉండొచ్చు. స్టెంట్‌కు ఒళ్లు స్పందించే తీరు అది. కానీ ఇన్‌ఫెక్షన్ జ్వరం కూడా ఇలాగే మొదలవుతుంది కాబట్టి మీకు మీరే తేల్చుకోకుండా డాక్టర్‌కు ఫోన్ చేసి చెప్పండి. గజ్జల్లో వాపు పెరిగినా, రక్తం కారినా, చీము వచ్చినా, కాలు నొప్పి వచ్చినా అదే రోజు చూపించాలి. కొందరికి నడిస్తే పిరుదుల్లో నొప్పి వస్తుంది. స్టెంట్ కోసం అటు పోయే రక్తనాళం మూయాల్సి వచ్చినప్పుడు ఇలా అవుతుంది, చాలామందికి మెల్లగా తగ్గుతుంది.

వడ్ల బస్తా ఎత్తడం, మోటారు లాగడం డాక్టర్ సరే అనేదాకా వద్దు. నడక మాత్రం మొదటి రోజు నుంచే. బండి మీద గతుకుల రోడ్డు ప్రయాణాలు గజ్జలు మానేదాకా ఆపుకోండి. డిశ్చార్జ్ రోజు స్టెంట్ కార్డు అడిగి తీసుకోండి. ఏ కంపెనీది, ఏ సైజుది, ఎప్పుడు వేశారు అన్నవి అందులో ఉంటాయి. రేపు ఎంఆర్‌ఐ తీయాల్సి వస్తే మొదట అడిగేది అదే.

ఏటా స్కాన్, బతికినంత కాలం

నెల రోజులకు ఒక సీటీ. అది బాగుంటే ఏడాదికి మళ్లీ స్కాన్, ఆ తర్వాత ఏటా. సంచి చిన్నబడుతూ, లీకు లేకపోతే చాలావరకు రక్తం పారే తీరు చూపే అల్ట్రాసౌండ్ డాప్లర్‌తోనే నెట్టుకురావచ్చు, అయిదేళ్లకోసారి సీటీ తీస్తారు. మనిషి పొలం పనికి పోతున్నాడు, నొప్పి లేదు, ఇంకెందుకు అని మూడో ఏడు నుంచి మానేస్తారు. స్టెంట్ జారినా, ముక్కలు విడిపోయినా, సంచి మళ్లీ పెరిగినా నొప్పి ఉండదు, స్కాన్‌లోనే కనబడుతుంది.

రిపోర్ట్‌లో ‘ఎండోలీక్’ అని, అంటే సంచిలోకి ఇంకా రక్తం చేరుతోందని ఉంటే బెంబేలెత్తకండి, ఏ టైపో చూడండి. టైపు 2 అంటే పక్కనున్న చిన్న రక్తనాళాల నుంచి సంచిలోకి రక్తం వెనక్కి వస్తోందని. ఎక్కువగా కనబడేది ఇదే. సంచి పెరగకపోతే చూస్తూ ఊరుకుంటారు, చాలావరకు దానంతటదే మూసుకుపోతుంది. టైపు 1 అంటే స్టెంట్ అంచు గోడకు అతుక్కోలేదని, టైపు 3 అంటే ముక్కల మధ్యో, గుడ్డలోనో లీకు అని. ఈ రెంటినీ వాయిదా వేయకూడదు. చాలాసార్లు మళ్లీ గజ్జల నుంచే ఇంకో ముక్క వేసి సరిచేస్తారు. లీకు కనబడకపోయినా సంచి పెరిగిందంటే సర్జన్‌ను కలవాల్సిందే. స్టెంట్ వేసిన మనిషికి కడుపు నొప్పి వచ్చినా పైన 108 గురించి చెప్పిందంతా వర్తిస్తుంది.

ఇంకో పని మిగిలి ఉంటుంది. ఈ జబ్బు కుటుంబాల్లో నడుస్తుంది. పెద్దాయన అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, వయసు వచ్చిన కొడుకులు, కూతుళ్లు ఒక్కసారైనా అల్ట్రాసౌండ్ చేయించుకోవాలి. ఇంట్లో ఈ చరిత్ర లేకపోయినా, ఎప్పుడైనా పొగతాగిన 65 నుంచి 75 ఏళ్ల మగవాళ్లకు ఒకసారి ఈ స్కాన్ మంచిదని అమెరికాలో సలహా ఇస్తారు. ఊరికే ‘కడుపు స్కాన్’ అంటే లివర్, కిడ్నీ, ప్రోస్టేట్ చూసి పంపిస్తారు, అయోర్టా ఊసే రాయరు. చీటీ రాసేటప్పుడే ‘అయోర్టా వెడల్పు కొలిచి రాయండి’ అని డాక్టర్‌తో రాయించండి. స్కాన్ బల్ల మీద పడుకున్నాక కూడా ఇంకోసారి అడగండి.